పొయ్యికి మూడు రాళ్ళు

బాలలూ! నేను మూడో తరగతి చదివే రోజుల్లో, అంటే 1967 వేసవిలో, మా ఊళ్ళో ఒక వీధి అంటుకున్నది. అప్పట్లో మా కోనసీమ పల్లెల్లో పెంకుటిళ్ళు తక్కువ, తాటాకు ఇళ్ళు ఎక్కువ. ఒక ఇంటి చూరు పక్క ఇంటి చూరుకు తగులుతూ ఉండేది. వీధికి పడమటి చివర ఎవరో పొయ్యిలోని బూడిద ఎత్తి, పెరట్లో గడ్డివామి పక్కన పోశారు. అందులో ఒక్క నిప్పు కణిక ఉండిపోయింది. మిట్టమధ్యాహ్నం, పైగా పడమటి గాలి. ఇంకేం కావాలి? వామి అంటుకున్నది. వామి నుంచి ఇంటి కప్పుకు, ఆ కప్పు నుంచి పక్క కప్పుకు మంట పాకింది.

జనం చెరువు నుంచి బిందెలతో నీళ్ళు మోశారు. తడి గోనెలు పరిచారు. అరటి బోదెలు నరికి కప్పుల మీదికి విసిరారు. ఏం చేసినా మంట ఆగలేదు. అయిదో ఇల్లు అంటుకునే సరికి, మా వీధిలో వడ్రంగం చేసే మావయ్య (వరసకు మావయ్య) పరుగున వచ్చి మా ఇంటి ముందు నిలబడి, "ఈ కప్పు పీకండి!" అని కేక వేశాడు.

మా ఇల్లు ఏడోది. దానికి ఇంకా నిప్పు సోకనే లేదు. పదిమంది గెడలూ, గునపాలూ పట్టుకుని ఎక్కి, తాటాకులు ఊడదీసి, వాసాలతో సహా లాగి, దూరంగా కాలవ గట్టుకు ఈడ్చేశారు. మా నాయనమ్మ గుండెలు బాదుకున్నది. "కాలని కొంపను కూలుస్తావట్రా! నీ చేతులు పడిపోను!" అని మావయ్యను తిట్టింది. ఆయన మాట్లాడలేదు. ఆరో ఇల్లు భగ్గుమన్నది. మంట మా ఇంటి దాకా వచ్చింది. అక్కడ దానికి ఏమున్నది? నాలుగు మట్టిగోడలు! కాసేపు అటూ ఇటూ ఊగి, అక్కడే చల్లారిపోయింది. మా ఇంటికి తూర్పున ఉన్న ఇళ్ళన్నీ నిలిచాయి.

మరునాడు ఆ మావయ్యే తాటాకులు తెచ్చి మాకు కప్పు నేశాడు. అయినా నాకు ఆయన మీద చాలా ఏళ్ళు కోపం పోలేదు. పెద్ద తరగతులకు వచ్చి మంట సంగతి చదువుకున్న తరువాతే ఆయన చేసిన పని నాకు అర్థమయింది. ఆ సంగతే మీకు చెబుతాను.

పల్లెల్లో మూడు రాళ్ళ పొయ్యి చూశారు గదా? మూడు రాళ్ళూ ఉంటేనే కుండ నిలుస్తుంది. ఏ ఒక్కటి తీసినా కుండ పడిపోతుంది. ఏ రాయి తీశారన్నది కుండకు అక్కర్లేదు. మంటకు కూడా అలాటి రాళ్ళు మూడున్నాయి. మొదటిది ఇంధనం, అనగా మండే పదార్థం. రెండోది వేడి. మూడోది గాలిలో ఉండే ప్రాణవాయువు.

మంట ఒక వస్తువు కాదు. అది జరుగుతూ ఉండే ఒక పని. కట్టెలోనూ నూనెలోనూ బొగ్గు, ఉదజని వేరే పదార్థాలతో కలిసి ఉన్నాయి. అవి బాగా వేడెక్కినప్పుడు ప్రాణవాయువుతో కలుస్తాయి. అలా కలవటం వల్ల బొగ్గుపులుసు వాయువూ, నీటి ఆవిరీ పుడతాయి. వాటితోపాటు బోలెడంత వేడి కూడా పుడుతుంది. అసలు కిటుకు ఇక్కడే ఉన్నది. ఆ పుట్టిన వేడి పక్కనున్న కట్టెను వేడెక్కిస్తుంది. అది మండి, దాని పక్కదాన్ని వేడెక్కిస్తుంది. మనం గీసిన అగ్గిపుల్ల మొదటి వేడిని మాత్రమే ఇస్తుంది. తరువాత కావలసిన వేడిని మంట తనే సంపాదించుకుంటుంది. అందుకే పొయ్యిలో ఒంటి కట్టె పెడితే ఆరిపోతుంది. దాని వేడి నాలుగు వైపులా పోతుంది. రెండు మూడు కట్టెలు దగ్గరగా ఎగదోస్తే, ఒకదాని వేడి మరొకదానికి అంది, అన్నీ మండుతాయి. ఈ సంగతి మా నాయనమ్మకు ఏ సైన్సు మాస్టారూ చెప్పలేదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. అగ్గిపుల్లతో తుమ్మమొద్దును అంటించగలరా? పెట్టె ఖాళీ అయినా అది అంటుకోదు. అదే మొద్దును వడ్రంగి చిత్రిక పడితే రాలే పొట్టు ఒక్క పుల్లకే అంటుకుంటుంది. చెక్క అదే గదా? మొద్దుకు ఇచ్చిన వేడి లోపలికి పాకి పలచబడిపోతుంది. పొట్టుకు లోపలంటూ లేదు, వేడి పోవటానికి చోటు లేదు. పైగా దానికి అన్ని వైపులా గాలి తగులుతుంది. పదార్థం ఎంత సన్నమయితే అంత త్వరగా మండుతుంది. గోధుమపిండి ముద్దను మీరు మండించలేరు. కాని అదే పిండి ధూళిగా గాలిలో నిండి ఉన్నప్పుడు నిప్పురవ్వ పడితే బాంబులాగా పేలుతుంది. అమెరికాలో మినియాపోలిస్ అనే ఊళ్ళో 1878 మే 2న ఒక పెద్ద పిండిమర అలాగే పేలి, 18 మంది చనిపోయారు.

కట్టె మండుతున్నది అంటాం గాని, నిజానికి మంటలో మండేది కట్టె కాదు. వేడికి కట్టెలో నుంచి ఆవిరులు బయటికి వస్తాయి. గాలిలో కలిసి మండేవి ఆ ఆవిరులే. ఇది కళ్ళతో చూడవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఒక కొవ్వొత్తి వెలిగించండి. రెండు నిమిషాలు మండనిచ్చి మెల్లగా ఆర్పండి. వత్తి నుంచి తెల్లని పొగ తీగలాగా లేస్తుంది. అది వట్టి పొగ కాదు, మైనపు ఆవిరి చల్లబడి అలా కనిపిస్తున్నది. వెంటనే వెలిగించిన అగ్గిపుల్లను వత్తికి తగలనివ్వకుండా, రెండంగుళాల పైన ఆ పొగలో పెట్టండి. మంట పొగ వెంట కిందికి దూకి వత్తిని పట్టుకుంటుంది! గదిలో గాలి కదలకుండా ఉండాలి సుమా. మొదటిసారి రాకపోతే మళ్ళీ చెయ్యండి.

ఈ ప్రయోగాన్ని లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల ముందు చేసి చూపినవాడు మైకేల్ ఫారడే. ఆయన కమ్మరివాడి కొడుకు. చిన్నప్పుడు పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనిచేస్తూ, బైండుకు వచ్చిన పుస్తకాలు చదివి చదువు నేర్చుకున్నాడు. ఒక్క కొవ్వొత్తిని పట్టుకుని ఆయన పిల్లలకు ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. 1860 డిసెంబరు చివర మొదలై 1861 జనవరిలో ముగిసిన ఆ ఉపన్యాసాలు తరువాత పుస్తకంగా వచ్చాయి. అంతటి శాస్త్రజ్ఞుడు కొవ్వొత్తి గురించి పిల్లలతో మాట్లాడటం చిన్నతనం అనుకోలేదు. మా బోటి ఉపాధ్యాయులు చూసి నేర్చుకోవలసిన సంగతి అది.

రెండో రాయి వేడి అన్నాను. ప్రతి పదార్థానికీ ఇంత వేడెక్కితేనే అంటుకుంటానని ఒక హద్దు ఉంటుంది. కాగితానికి ఆ హద్దు సుమారు 230 డిగ్రీల సెంటీగ్రేడు. మందపాటి తెల్ల కాగితాన్ని దొన్నెలాగా మడిచి, అందులో నీళ్ళు పోసి, దీపం మీద పట్టుకుంటే నీళ్ళు కాగుతాయి గాని కాగితం కాలదు. నీరు ఉన్నంతసేపూ 100 డిగ్రీలు దాటనివ్వదు. కాగితానికి వచ్చిన వేడినంతా నీరు లాగేసుకుంటుంది. నిప్పు మీద నీళ్ళు పోస్తే ఆరటానికి ముఖ్య కారణం ఇదే.

వేడిని లాగేసి మంటను ఆపటం వల్ల కొన్ని వేలమంది ప్రాణాలు దక్కాయి. ఇంగ్లండులో బొగ్గుగనుల్లో మీథేన్ అనే మండే వాయువు ఊరుతూ ఉండేది. చీకట్లో పనిచెయ్యటానికి దీపం కావాలి. దీపం తీసుకుపోతే ఆ వాయువు అంటుకుని గని పేలిపోతుంది. 1812 మే 25న ఫెల్లింగ్ అనే చోట గని పేలి 92 మంది పురుషులూ, కుర్రవాళ్ళూ చనిపోయారు. వాళ్ళలో మీ ఈడు పిల్లలు కూడా ఉన్నారు. ఆ రోజుల్లో పిల్లల్ని గనుల్లోకి దించేవారు. 1815లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ఉపాయం కనిపెట్టాడు. మన ఫారడే అప్పట్లో ఆయన వద్ద సహాయకుడుగా ఉండి ఈ పనిలో తోడ్పడ్డాడు. డేవీ చేసిందల్లా దీపం చుట్టూ సన్నని లోహపు తీగల వల అమర్చటమే. వలకు చదరపు అంగుళంలో సుమారు 780 కన్నాలు ఉంటాయి. కన్నాల గుండా గాలీ, గనిలోని వాయువూ లోపలికి రాగలవు. కాని లోపలి మంట వలను దాటి బయటికి పోబోతే, దాని వేడిని తీగలు లాగేస్తాయి. వేడి తగ్గిన మంట మంట కాదు గదా! వాయువు ఉన్నది, గాలి ఉన్నది, వేడి ఒక్కటే బయటికి అందలేదు. పైగా గనిలో మీథేన్ ఎక్కువయితే, దీపం చుట్టూ నీలిరంగు టోపీలాంటి మంట కనిపించి హెచ్చరించేది. ఇంత గొప్ప దీపాన్ని తయారుచేసి కూడా డేవీ దాని మీద హక్కులేమీ తీసుకోలేదు.

ఇక మూడో రాయి. గాలిలో ప్రతి వంద పాళ్ళలో 78 నత్రజని, 21 ప్రాణవాయువు. మంటకు పనికి వచ్చేది ఆ 21 మాత్రమే. ఈ సంగతి తెలియటానికి మనిషికి ఎంతో కాలం పట్టింది. ఏ వస్తువు మండినా అందులో నుంచి ఫ్లోజిస్టన్ అనే పదార్థం వెళ్ళిపోతుందని 18వ శతాబ్దంలో పండితులు కూడా నమ్మారు. చూస్తే అలాగే కనిపిస్తుంది మరి! ఇంత కట్టె కాలితే పిడికెడు బూడిద మిగులుతుంది. 1774 ఆగస్టు 1న ఇంగ్లండులో ప్రీస్ట్లీ అనే ఆయన ఎర్రటి పాదరసపు భస్మం మీద భూతద్దంతో ఎండను పడనిచ్చాడు. దానిలో నుంచి వచ్చిన వాయువులో కొవ్వొత్తి ధగధగా మండింది. కాని అది ఏమిటో ఆయనకు సరిగా తెలియలేదు. దాన్ని తేల్చినవాడు ఫ్రాన్సు దేశంలో లవోజియే. ఆయన ఏది చేసినా తక్కెడ విడిచేవాడు కాదు. గంధకాన్ని మండించి తూచాడు. బరువు తగ్గలేదు, పెరిగింది! పాదరసాన్ని మూసిన పాత్రలో 12 రోజులు కాచాడు. పాదరసం మీద ఎర్రటి భస్మం ఏర్పడింది, పాత్రలో గాలి తగ్గింది. మిగిలిన గాలిలో కొవ్వొత్తి పెడితే ఆరిపోయింది. మండే వస్తువులో నుంచి ఏదో పోవటం కాదు, గాలిలో నుంచి ఒకటి వచ్చి దానిలో చేరుతున్నదని రుజువయింది. ఫ్రాన్సులో విప్లవం వచ్చినప్పుడు 1794 మే 8న లవోజియే తల నరికేశారు. ఆయన పన్నులు వసూలుచేసే సంఘంలో ఉండటమే ఆయన మీద వచ్చిన ముఖ్య నేరం.

మూడో రాయి విషయంలో నేను చేసిన ఒక తప్పు మీతో చెప్పుకోవాలి. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్య కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తే, కాసేపటికి మంట ఆరిపోయి, గ్లాసులోకి నీళ్ళు ఎక్కుతాయి. "చూశారా, ప్రాణవాయువు అంతా అయిపోయింది, ఆ చోటులోకి నీళ్ళు వచ్చాయి" అని నేను చాలా ఏళ్ళు తరగతిలో చెప్పాను. ఒకనాడు వెనక బెంచీ మీది అమ్మాయి లేచి, "మరయితే మంట మండుతున్నంతసేపూ నీళ్ళు మెల్లమెల్లగా ఎక్కాలి గదండీ మాస్టారూ! అది ఆరిన తరువాతే ఒక్కసారిగా ఎక్కుతున్నాయేం?" అని అడిగింది. నా దగ్గిర సమాధానం లేదు. ఆ సాయంత్రమంతా పుస్తకాలు తిరగేశాను. ప్రాణవాయువు ఖర్చయ్యే మాట నిజమే గాని, దానికి బదులు బొగ్గుపులుసు వాయువు పుట్టి ఆ చోటులో చాలా భాగం నింపుతుంది. నీళ్ళు ఎక్కటానికి ముఖ్య కారణం వేడి. మంట వేడికి గ్లాసులోని గాలి ఉబ్బి ఉంటుంది. మంట ఆరగానే ఆ గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. అందుకని నీళ్ళు లోపలికి వస్తాయి. ఇంకొక సంగతి: ప్రాణవాయువు పూర్తిగా అయిపోదు. నూటికి 16 పాళ్ళకు తగ్గితే చాలు, కొవ్వొత్తి ఆరిపోతుంది. మరునాడు తరగతిలో నా తప్పు నేనే దిద్దుకుని, ఆ అమ్మాయి చేతనే ప్రయోగం చేయించాను.

నోటితో ఊదితే దీపం ఆరిపోతుంది. అదే నోటితో గొట్టం పెట్టి ఊదితే పొయ్యి మండుతుంది. ఎందుకంటారు? మనం వదిలే ఊపిరిలో కూడా నూటికి 16 పాళ్ళ దాకా ప్రాణవాయువు ఉంటుంది. దీపపు మంట చాలా చిన్నది. ఊపిరి తగలగానే మండే ఆవిరి చెదిరిపోయి, వత్తి చల్లబడుతుంది. పొయ్యిలో నిప్పులకు వేడి నిల్వ చాలా ఉన్నది. మన ఊపిరి తీసుకుపోయే వేడి వాటికి ఒక లెక్క కాదు. బూడిద ఎగిరిపోయి, కొత్త గాలి అంది, అవి భగ్గుమంటాయి.

తల్లిదండ్రులకు ఇక్కడ ఒక మాట. చలికాలంలో గది తలుపులూ, కిటికీలూ మూసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోకండి. గాలి చాలనప్పుడు బొగ్గు సగం సగం మండి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తం ప్రాణవాయువును పట్టుకునే దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. నిద్రపోయే మనిషికి మెలకువ కూడా రాదు.

వంటింటి సంగతి కూడా చెప్పాలి. ఒక పెళ్ళిలో గాడిపొయ్యి మీద బూరెలు వేస్తూ ఉండగా మూకుట్లో నూనె అంటుకున్నది. సహాయానికి వచ్చిన కుర్రవాడు కంగారుపడి చెంబెడు నీళ్ళు పోశాడు. నీరు నూనె కన్నా బరువు గదా! అడుగుకు దిగి, కాగే నూనె వేడికి ఒక్క క్షణంలో ఆవిరి అయిపోయింది. నీరు ఆవిరి అయితే 1,700 రెట్లు ఉబ్బుతుంది. అది మండే నూనెను పందిరి దాకా ఎగజిమ్మింది. ఆ కుర్రవాడి మోచేతి మీద మచ్చ ఈనాటికీ ఉన్నది. వంటాయన మాత్రం తొణకలేదు. పెద్ద ఇత్తడి పళ్ళెం ఒకటి మూకుడు మీద బోర్లించి, పొయ్యిలో కట్టెలు బయటికి లాగేశాడు. గాలి అందకుండానూ, కింది నుంచి వేడి రాకుండానూ చేశాడు. ఇప్పటి వంటింట్లో అయితే గ్యాసు కట్టేసి, మూత పెట్టి, పూర్తిగా చల్లారేదాకా మూత తియ్యకూడదు. తొందరపడి తీస్తే గాలి తగిలి మళ్ళీ అంటుకుంటుంది.

ఒంటి మీద బట్టలు అంటుకుంటే పరుగెత్తకూడదు. పరుగెత్తితే గాలి ఇంకా తగులుతుంది. ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుని కింద పడుకుని దొర్లాలి. పక్కనున్నవాళ్ళు దళసరి నూలు దుప్పటి కప్పాలి. దీపావళికి ముందు ఇది ఇంట్లో ఒకసారి ఆటలాగా ఆడి చూడండి.

నీళ్ళకు లొంగని మంటను నేను ఒక్కసారి చూశాను. 1995 జనవరి 8న రాజోలు దగ్గర పాశర్లపూడిలో గ్యాసు కోసం తవ్వుతున్న బావి పేలి అంటుకున్నది. రెండున్నర కిలోమీటర్లకు పైగా లోతు నుంచి గ్యాసు తన్నుకుని వస్తున్నది. చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. మేము 20 కిలోమీటర్ల దూరంలో ఉన్నా రాత్రిపూట ఆకాశం ఎర్రగా కనిపించేది. అలాటి మంట మీద నీళ్ళు కుమ్మరించేది ముఖ్యంగా దాన్ని ఆర్పటానికి కాదు. కరిగిపోయే ఇనుమునూ, పనిచేసే మనుషులనూ చల్లగా ఉంచటానికి. గ్యాసు వస్తూ ఉండగా మంట ఒక్కటీ ఆర్పితే మరీ ప్రమాదం. ఆ గ్యాసు ఊళ్ళ మీదికి పరుచుకుని, ఎక్కడ నిప్పురవ్వ ఉంటే అక్కడ అంటుకోవచ్చు. కడకు బావి నోటిని అదుపు చేసి, గ్యాసునే ఆపాలి.

అప్పటికి మా నాయనమ్మకు తొంభై ఏళ్ళు ఉంటాయి. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఆ ఎర్రని ఆకాశం వంక చూసేది. ఒకనాడు నన్ను పిలిచి, "ఏరా, ఇన్ని రోజులయింది. కప్పు పీకేవాడు ఇంకా ఎవడూ దొరకలేదా?" అని అడిగింది.

మార్చి 15న దొరికారు. అప్పటికి ఆ మంట 65 రోజులు మండింది.